రాకాసి గుళ్లను ఊరికి పరిచయం చేయడం

తెలంగాణ పల్లెల్లో పొలాల అంచున, గుట్టల పాదాల వద్ద గుండ్రంగా పేర్చి ఉండే పెద్ద బండరాళ్లను జనం రాకాసి గుళ్లని, కొన్నిచోట్ల పాండవుల గుళ్లని పిలుస్తారు. పురావస్తు శాస్త్రం శిలావలయాలని పేర్కొనే ఈ కట్టడాలు బృహత్ శిలాయుగపు, అంటే ఇనుము వాడకం వ్యాపించి, మృతుల కోసం భారీ రాళ్లను నిలిపిన కాలపు సమాధులు. స్థూలంగా క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల వరకు ఈ ఆచారం దక్కనులో సాగింది. ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో ఇటువంటి వలయం గురించి బొమ్మలతో ప్రసంగించదలచినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు, చూపవలసినదానిలో ముఖ్యభాగం నేల కిందే ఉండడం.

ఛాయాచిత్రం పైరాళ్లను మాత్రమే పట్టుకోగలదు. అదీ మిట్టమధ్యాహ్నం తీస్తే నీడలు పడక, సగం పూడిన రాళ్లు మట్టిలో కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి ఉదయపు లేదా సాయంకాలపు ఏటవాలు ఎండలో తీయాలి. పరిమాణం తెలియడానికి రాయి పక్కన మీటరు కొలకర్రను నిలపాలి.

అసలు విషయాన్ని చెప్పేది అడ్డుకోత చిత్రం, అంటే సమాధిని పైనుంచి కిందికి నిలువునా కోసినట్లయితే కనిపించే పొరలను చూపే రేఖాచిత్రం. వలయం మధ్య రాళ్లకుప్ప, దాని కింద మట్టి, ఆ కింద నాలుగు రాతిపలకలతో కూర్చి మూతబండ వేసిన పెట్టె, కొన్నింటిలో ఒక పలకకు గుండ్రని రంధ్రం, లోపల తరచుగా పూర్తి అస్థిపంజరానికి బదులు ఏరి తెచ్చి ఉంచిన ఎముకలు, ఇనుప పనిముట్లు, కుండలు ఇందులో ఒకేసారి కళ్లకు కడతాయి. లోపలివైపు, అంచు దగ్గర నలుపు, బయట ఎరుపు తేలిన ఆ కుండలను ఆవంలో బోర్లించి కాల్చడం వల్ల, గాలి తగలని భాగం నల్లబడిందని సాధారణంగా వివరిస్తారు. 1850ల ప్రాంతంలో నేటి కర్ణాటకలోని సురపురం, జేవర్గి పరిసరాల సమాధులను తవ్విన ఆంగ్ల అధికారి మెడోస్ టేలర్, పురావస్తు తవ్వకాలకు ఇంకా స్థిరమైన పద్ధతులు ఏర్పడని ఆ రోజుల్లోనే ఇటువంటి చిత్రాలు గీయించి ప్రచురించడం నిజంగా గొప్ప విషయం.

ఊరి వలయాన్ని ఎవరూ తవ్వి ఉండకపోతే, నాగార్జునసాగర్ జలాశయంలో మునగబోయే ముందు తవ్విన ఏలేశ్వరం, నాగార్జునకొండ సమాధుల చిత్రాలను చూపవచ్చు. అయితే అవి వేరే చోటివని ప్రతి బొమ్మ కిందా రాయాలి. అదే విధంగా, ఈ గుళ్లను రాక్షసులు కట్టారన్న కథను ఎగతాళి చేయకుండా, అంత పెద్ద బండలను మనుషులు ఎలా కదిలించారన్న ఆశ్చర్యం నుంచి ఆ కథ పుట్టి ఉండవచ్చని చెబితే పెద్దవాళ్లు కూడా ఆసక్తితో వింటారు. కృష్ణా తీరాన నారాయణపేట జిల్లాలో ఉన్న ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయన్న సంగతి, ఊరివారికి తమ రాళ్ల విలువను తెలిపే మంచి ఆధారం.

కొన్ని సమాధుల్లో దొరికిన బంగారు పూసల బొమ్మలను మాత్రం ప్రదర్శించకపోవడమే మేలు, ఎందుకంటే అవి నిధుల ఆశను రేపుతాయి. గుప్తనిధుల ఆశతో జరిగే తవ్వకాలు, రాతి క్వారీలు, పొలాల చదును కలిసి ఎన్నో వలయాలను ఆనవాలు లేకుండా చేశాయి. ఒక్కసారి చెదిరిన పొరలను మళ్లీ పేర్చడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ప్రసంగం ముగిసేలోగా శ్రోతలకు చట్టం సంగతి తప్పక చెప్పాలి: 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపాన్ని గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.