రంగు చెప్పే మాట: చిన్న వ్యాపారాలకు పర్యావరణహితమైన ప్యాకింగ్

సేమియా, మసాలా పొడులు, పచ్చళ్లు, అత్తరు, కుట్టుపని వస్తువులు ఇంట్లోనే తయారుచేసి అమ్ముకునే అక్కచెల్లెళ్లు మనలో చాలామంది ఉన్నారు. గ్రైండరు కొనడానికో, కుట్టుమిషను కొనడానికో సాయం చేసే చేతులు దొరుకుతున్నాయి. అసలు కష్టం ఆ తరువాత వస్తుంది. సరుకు బాగున్నా, ఒకసారి కొన్నవారు రెండోసారి దుకాణానికి వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టలేకపోతే వ్యాపారం నిలవదు. పేరు చదవకముందే కంటికి ఆనేది రంగు. ఆ రంగును ఎలా ఎంచుకోవాలో, అది చెత్తగా మారి భూమికి భారం కాకుండా ఎలా చూసుకోవాలో తెలుసుకుందాం.

ఒక్క రంగు చాలు

ఊదారంగు రేపరు చూడగానే క్యాడ్‌బరీ చాక్లెట్ గుర్తుకొస్తుంది. ఆ గుర్తింపు దశాబ్దాలుగా అదే రంగును విడవకుండా వాడినందువల్ల వచ్చింది. చిన్న వ్యాపారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. లేబులు, సంచి, బిల్లు, దుకాణం బోర్డు అన్నింటిమీదా ఒకే రంగు ఉండాలి.

మనవాళ్లు ఎక్కువగా ఆకుపచ్చను ఎంచుకుంటారు. ఆ రంగుమీద మనకున్న అభిమానం తెలిసిందే. కానీ రంజాన్ మాసంలో మసీదు దగ్గర బల్లలమీద పెట్టెలన్నీ ఆకుపచ్చవే, అన్నింటిమీదా నెలవంక, గుంబజు బొమ్మలే అయినప్పుడు మన పెట్టె వాటిలో కలిసిపోతుంది. పక్కవారు ఏ రంగు వాడుతున్నారో చూసి, దానికి భిన్నమైనది ఎంచుకోవడం మేలు.

గోధుమరంగు కాగితంతో జాగ్రత్త

ప్లాస్టిక్‌కు బదులు చాలామంది ఇప్పుడు గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం వాడుతున్నారు. తెల్లకాగితం మీద మెరిసిన రంగు దీనిమీద మెరవదు. మామూలు అచ్చుసిరా పారదర్శకంగా ఉంటుంది కనుక కాగితం రంగు అందులోంచి పైకి కనిపిస్తుంది. పసుపు ఆవరంగులోకి దిగుతుంది, గులాబీ మాసిపోతుంది, లేత నీలం వెలిసినట్టుంటుంది. ముదురు ఆకుపచ్చ, మెరూన్, నీలిమందు రంగు, నలుపు మాత్రం బాగా నిలుస్తాయి. తెలుపు కావాలంటే కింది రంగును పూర్తిగా కప్పే సిరాతో స్క్రీన్ ప్రింటింగ్ చేయించాలి. పెళ్లిపత్రికల అచ్చుకు పేరుపడ్డ హైదరాబాదు ఛత్తాబజారు వంటి చోట్ల ఈ పని తెలిసినవారు ఉంటారు.

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. అంటే రంగులు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, సిరా వాడకమూ తగ్గుతుంది. ఒకే ముదురు రంగు, మిగిలినదంతా కాగితం సహజ వర్ణం అనుకుంటే పొదుపూ అందమూ రెండూ దక్కుతాయి. అచ్చువేసేవారికి “ఆకుపచ్చ” అని నోటిమాటగా చెప్పకుండా, షేడ్ కార్డులోని నెంబరు రాసివ్వాలి. నమూనాను అదే కాగితంమీద తీయించి, పగటి వెలుతురులో చూశాకే సరేననాలి.

వాడి పడేసిన తరువాత

కాగితం పెట్టెకు నిగనిగలాడే ప్లాస్టిక్ పొర అంటిస్తే ఆ రెంటినీ విడదీయడం కష్టం. పైకి కాగితమే అయినా తిరిగి కాగితంగా మారడం దుర్లభం. బంగారు, వెండి మెరుపు ఫిల్ముదీ అదే సంగతి. మిఠాయి పెట్టెలకు, ఆహ్వానపత్రికలకు చుట్టే ప్లాస్టిక్ ఫిల్మును 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు.

ప్లాస్టిక్ తప్పనిసరైన చోట రంగు లేనిదే మంచిది. పారదర్శకమైన సీసాకు పాతసామాన్ల దుకాణంలో రంగు సీసాకంటే మంచి ధర పలుకుతుంది, ఎందుకంటే దాన్ని మళ్లీ ఏ రంగు వస్తువుగానైనా మార్చవచ్చు. ఉత్తర అమెరికాలో స్ప్రైట్ 60 ఏళ్లకు పైగా వాడిన ఆకుపచ్చ సీసాను 2022లో వదిలి పారదర్శక సీసాకు మారింది ఇందుకే. ఆకుపచ్చను మాత్రం లేబులుమీద నిలుపుకుంది. సీసా మారినా గుర్తింపు పోలేదు. కార్బన్ కలిపిన నల్ల ప్లాస్టిక్ డబ్బాలది మరో ఇబ్బంది. ప్లాస్టిక్‌ను వేరుచేసే యంత్రాలు ప్రసరించే పరారుణ కిరణాలను ఆ నలుపు పీల్చేసుకుంటుంది. దాంతో యంత్రం డబ్బాను పోల్చుకోలేక వదిలేస్తుంది.

తినే వస్తువులైతే సిరా ఆహారానికి తగలకూడదు. అచ్చు బయటివైపే ఉండాలి. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టడం నిబంధనలకు విరుద్ధం. శాకాహారమైతే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు చతురస్రంలో అదే రంగు త్రికోణం ఉండాలి. ఈ గుర్తు నేపథ్యంలో కలిసిపోకుండా స్పష్టంగా కనబడాలి. గోధుమరంగు కాగితంమీద గోధుమరంగు త్రికోణం కనబడదు కనుక, ఆ గుర్తున్న చోట తెల్ల లేబులు అంటించడం సులువైన మార్గం.

రంగు అబద్ధమాడకూడదు

ఆకు బొమ్మ, ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన పెట్టె పర్యావరణహితం అయిపోదు. ఆధారం లేకుండా అలా చెప్పుకోవడాన్ని అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది. “పర్యావరణహితం” అని ఊరికే రాసేకంటే “ఈ పెట్టెలో ప్లాస్టిక్ పొర లేదు” అని ఉన్నమాట రాయడం మంచిది. కొన్నవారు తామే చూసి నిర్ధారించుకోగలరు.

దైవప్రవక్త (స) ఒకనాడు అంగడిలో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వ్యాపారి చెప్పగా, జనానికి కనబడేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని అడిగారు. పైన పటారం, లోన లొటారం అనే తీరును మన ధర్మం ఒప్పుకోదు. దుబారానూ ఒప్పుకోదు. అవసరానికి మించిన పెట్టె, పొరలమీద పొరలు, రంగులమీద రంగులు దుబారా కిందికే వస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు వెయ్యి పెట్టెలు అచ్చువేయించనక్కర్లేదు. సాదా కాగితం సంచి, ఒక రబ్బరు ముద్ర, ఒక రంగు సిరా, అదే రంగు నూలుదారం చాలు. ఏడాదిపాటు వాటినే మార్చకుండా వాడితే, పేరు తెలియనివారు కూడా “ఆ మెరూన్ దారం కట్టిన మసాలా పొడి ఇవ్వండి” అని అడుగుతారు. లాభం చేతికొచ్చాక పెట్టె సంగతి ఆలోచించవచ్చు.