గ్రీనిచ్ రేఖ ఎక్కడ?

గ్రీనిచ్ అను పేరు రేడియో శ్రోతలకు క్రొత్తది కాదు. లండనులోని ఆ వేధశాల ప్రాంగణమున నేలపై ఒక రేఖ కలదు. దానికి ఇటొక కాలు, అటొక కాలు వేసి, తూర్పు పడమటి అర్ధగోళములు రెండింటిపైనను నిలిచితిమని యాత్రికులు సంతోషింతురు. కాని అచట చేతిఫోనులోని ఉపగ్రహ సూచికను చూచినచో రేఖాంశము సున్న అని కనిపించదు. సున్న కావలెనన్న తూర్పునకు 102 మీటర్లు నడువవలెను. తప్పు రేఖదా, యంత్రముదా?

రెండింటిదియు కాదు. జార్జి ఏరీ నెలకొల్పిన దూరదర్శిని 1851 నుండి ఉత్తర దక్షిణములుగా మాత్రమే తిరుగుచు, నక్షత్రములు దాటిపోవు క్షణమును గుర్తించెడిది. 1884లో వాషింగ్టనున సమావేశమైన ప్రతినిధులు దాని మధ్యగా పోవు రేఖనే మొదటి రేఖాంశముగా అంగీకరించిరి. ఆ దూరదర్శినికి నిటారు ఏదో తెలుపుటకు పాదరసపు పళ్ళెమును వాడిరి. తాపీవాని గుండువలెనే పాదరసమును ఆ చోటి భూమ్యాకర్షణకు లోబడును. భూగర్భమున బరువు అంతట సమానముగా లేదు. కావున నిటారు అనుకొన్నది తూర్పునకో పడమరకో రవ్వంత ఒరుగును. అట్లు ఒరిగిన తలము భూకేంద్రమును తాకక ప్రక్కగా పోవును.

ఈ చిక్కు మన దేశమునను ఎదురైనది. కల్యాణ, కల్యాణపురము అను రెండు సర్వే స్థానముల నడుమ నేలపై కొలిచిన లెక్కకును, నక్షత్రములను చూచి కట్టిన లెక్కకును అయిదు వికలలకు పైగా తేడా వచ్చెను. డిగ్రీలో 3600వ వంతు ఒక వికల. హిమాలయములు గుండును లాగుటయే కారణమని తలచి ప్రాట్ 1855లో లెక్క కట్టగా, తేడా అంతకు మూడు రెట్లు ఉండవలెనని తేలెను. పర్వతముల క్రింద తేలికైన వేళ్ళు లోతుగా దిగియుండుటచే ఆకర్షణ తగ్గినదని ఆ సంవత్సరమే వివరించినవాడు మన ఏరీయే!

కృత్రిమోపగ్రహములకు పాదరసముతో పని లేదు. అవి భూమి గురుత్వకేంద్రము చుట్టును తిరుగును. అందుచే 1984లో ఏర్పడిన ప్రపంచ పద్ధతిలో సున్న రేఖాంశ తలము భూకేంద్రము గుండా పోవును. నక్షత్రములను బట్టి లెక్కించు కాలము చెదరకుండుటకై దానిని పాత తలమునకు సమాంతరముగా నుంచిరి. అట్లు కేంద్రమునకు జరిపిన తలము గ్రీనిచ్‌లో 102 మీటర్లు, అనగా 5.3 వికలలు, తూర్పున నేలను తాకెను. కాకినాడకు సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖను అనుసరించు మన గడియారమునకు దీనివలన ఏ మార్పును కలుగలేదు.

అయితే పటములతో పని గలవారు ఒక సంగతి మరువరాదు. మన పాత సర్వే పటములు 1830లో ఎవరెస్టు నిర్ణయించిన భూమి ఆకృతిపై ఆధారపడినవి. 2005 నాటి జాతీయ పట విధానము ప్రజలకిచ్చు పటములకు ఉపగ్రహ పద్ధతినే నిర్దేశించినది. తెలుగునాట ఒకే రాతికి ఈ రెండు లెక్కలలో వంద మీటర్లకు పైగా తేడా వచ్చును. పాత పటములోని అంకెలను ఫోనులోని అంకెలతో సరిపోల్చి, పొలము గట్టు జరిగినదని పొరుగువానితో తగవు పడుటకు ముందు, ఏ అంకె ఏ లెక్కలోనిదో విచారించుట మేలు. రాయి కదలలేదు, కొలత మొదలిడిన చోటు మారినది.