టొరంటో ట్రాములు: అరవై ఏళ్ల ఒప్పందాలు

కెనడాలోని టొరంటో నగరపాలక సంస్థ 1861లో అలెగ్జాండర్ ఈస్టన్ అనే వ్యాపారికి వీధుల్లో గుర్రపు ట్రాములు నడుపుకొనే హక్కును 30 ఏళ్లకు రాసిచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 11న యంగ్ స్ట్రీట్ మీద మొదటి ట్రాము కదిలింది. టికెట్టు 5 సెంట్లు. మామూలు బండ్లు కూడా ట్రాము పట్టాల మీదుగా వెళ్లగలగాలని నగరం షరతు పెట్టింది. అందుకే పట్టాల మధ్య దూరం 4 అడుగుల 10⅞ అంగుళాలుగా ఖాయమైంది. రైల్వేల ప్రామాణిక గేజి 4 అడుగుల 8½ అంగుళాలు. ఈ తేడా వల్ల ఆవిరి రైళ్లు ట్రాము పట్టాలెక్కి ఊళ్లోకి వచ్చే వీలూ లేకపోయింది.

1891లో గడువు తీరగానే నగరం ట్రాములను స్వాధీనం చేసుకుని కొన్ని నెలలపాటు తానే నడిపింది. అలాగే కొనసాగించి ఉంటే ప్రజలకు తర్వాతి కష్టాలు చాలావరకు తప్పేవి. కానీ విలియం మెకంజీ తదితరుల టొరంటో రైల్వే కంపెనీకి మళ్లీ 30 ఏళ్ల హక్కు దక్కింది. పైకి చూస్తే నగరానికి లాభసాటి బేరమే. కంపెనీ వసూళ్లలో వాటా ఇవ్వాలి, ట్రాములను విద్యుత్తుతో నడపాలి. 1892లో విద్యుత్ ట్రాములు వచ్చాయి, 1894కల్లా గుర్రాలు పోయాయి. ఆదివారం ట్రాములు నడపాలంటే పౌరుల ఓటు కావాలి. రెండుసార్లు వీగిపోయిన ఆ ప్రతిపాదన 1897లో స్వల్ప తేడాతో గట్టెక్కింది.

అసలు చిక్కు ఊరు పెరగడంతో మొదలైంది. 1903 నుంచి చుట్టుపక్కల పేటలు ఒక్కొక్కటిగా నగరంలో కలిశాయి. అక్కడికి ట్రాములు వేయమంటే, 1891 నాటి పొలిమేర దాటాల్సిన బాధ్యత తమకు లేదని కంపెనీ వాదించింది. తగాదా అప్పట్లో కెనడాకు చివరి అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. తీర్పు కంపెనీ పక్షానే వచ్చింది. నగరంలో ఇళ్లు కట్టుకుని, నగరానికి పన్నులు కట్టే వేలమందికి ట్రాము లేకుండా పోయింది. అంత దీర్ఘకాలపు ఒప్పందంలో ఊరి ఎదుగుదలకు చోటు పెట్టకపోవడం నగరం చేసిన పెద్ద తప్పు.

చివరికి నగరమే టొరంటో సివిక్ రైల్వేస్ పేరిట 1912 నుంచి శివారు వీధుల్లో సొంత ట్రాములు నడిపింది. కంపెనీ ట్రాములోంచి నగర ట్రాములోకి మారితే మళ్లీ టికెట్టు కొనాల్సిందే. ముందుచూపూ ఆ రోజుల్లోనే కనిపించింది. 1918లో తెరిచిన బ్లూర్ వంతెనకు, భవిష్యత్తులో రైళ్లు నడపడానికని కింద మరో అంతస్తు కట్టారు. ఆ అంతస్తు మీద మెట్రో నడిచింది 1966లో.

1920 జనవరి 1న పౌరులు ప్రజా రవాణా సంస్థకు ఓటేశారు. 1921 సెప్టెంబరు 1న టొరంటో రవాణా కమిషన్ కంపెనీ లైన్లనూ నగర లైన్లనూ కలిపి తీసుకుంది. ఊరంతటికీ ఒకటే చార్జీ: 7 సెంట్లు.

రైల్వేల విషయంలో మాత్రం నగరం తొలినాళ్లలోనే అవకాశం చేజార్చుకుంది. 1850లలో గ్రాండ్ ట్రంక్ రైల్వేను సరస్సు ఒడ్డునే పట్టాలు వేసుకోనిచ్చింది. దాంతో ఊరికీ ఒంటారియో సరస్సుకూ మధ్య రైళ్లు అడ్డుపడ్డాయి, రేవుకు వెళ్లేవాళ్లు పట్టాలు దాటక తప్పలేదు. వాటిని ఎత్తైన కట్ట మీదికి మార్చే విషయంలో నగరానికీ రైల్వేలకూ ఏళ్ల తరబడి పేచీ నడిచింది. 1920 నాటికే దాదాపు సిద్ధమైన యూనియన్ స్టేషన్ భవనం ఆ గొడవల్లో చిక్కుకుని 1927 ఆగస్టులో గానీ తెరుచుకోలేదు. రైళ్లు కట్ట ఎక్కింది 1930లో.

ట్రాములకు మరో గండం 1966లో వచ్చింది. 1980 నాటికి వాటిని పూర్తిగా తీసేయాలని రవాణా కమిషన్ ప్రణాళిక వేసింది. పౌరులు సంఘంగా ఏర్పడి, లెక్కలతో సహా వాదన వినిపించారు. 1972 నవంబరులో కమిషన్ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఉత్తర అమెరికాలోని అతిపెద్ద ట్రాము వ్యవస్థల్లో టొరంటోది నేటికీ ఒకటి.