అందరి సంతోషం ఒక్కచోటే ఉండదు

పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "మీ భాయ్‌ని చూసి నేర్చుకో!" పెద్దవాడు మార్కుల కోసం రాత్రంతా మేలుకుంటాడు. చిన్నవాడికి పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తుంది. కానీ పాడైన ఫ్యాను చేతికిస్తే, అది మళ్లీ తిరిగేదాకా అన్నం కూడా గుర్తురాదు. అబ్బా దృష్టిలో ఒకడు కష్టజీవి, ఇంకొకడు సోమరి. నిజానికి ఇద్దరూ కష్టపడేవాళ్లే. వాళ్లను కదిలించేవే వేరు.

మనిషిని పనికి పురిగొల్పేవి రెండు రకాలని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. జీతం, మార్కులు, మెప్పు, శిక్ష భయం బయటి నుంచి వచ్చేవి. పనిలోనే దొరికే ఆనందం లోపలి నుంచి వచ్చేది. 1973లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను గమనించారు. కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్లు బొమ్మలు వేస్తూ గడిపిన సమయం సగమే! ఆశ చూపించడం ఒక్కోసారి ఉన్న ఇష్టాన్నే తగ్గిస్తుందన్నమాట.

ఈ తేడాలను గుర్తించడం మనకు కొత్త కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరులందరికీ ఒకే పని అప్పగించలేదు. హజ్రత్ బిలాల్ (రజి)కు అజాన్, కవి అయిన హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి)కు మస్జిద్‌లో మింబర్, చురుకైన యువకుడు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు రాతపని. హజ్రత్ అబూజర్ (రజి) అధికార పదవి అడిగితే, అది ఆయన మోయలేని బరువని ప్రేమగానే వద్దన్నారు. దానివల్ల అబూజర్ (రజి) గౌరవం ఏమాత్రం తగ్గలేదు.

స్వర్గ ద్వారాల గురించి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు కూడా ఇదే నేర్పుతుంది. నమాజ్ చేసేవారిని నమాజ్ ద్వారం నుంచి, దానం చేసేవారిని సదఖా ద్వారం నుంచి, రోజాలు పాటించేవారిని రయ్యాన్ ద్వారం నుంచి పిలుస్తారు. ఫర్జ్ అందరికీ ఒక్కటే. అంతకు మించి చేసే మంచి పనుల్లో మాత్రం ఒక్కొక్కరి మనసు ఒక్కోవైపు మొగ్గుతుంది.

అలాగని పిల్లలు ఇష్టపడినవన్నీ ఒప్పుకోవాలని కాదు. హలాల్, హరామ్ హద్దులుంటాయి. ఇల్లు గడవడానికి సంపాదనా కావాలి. కానీ కోప్పడే ముందు ఒక్క వారం గమనించండి. ఎవరూ చెప్పకుండానే ఏ పని మొదలుపెడుతున్నాడు? ఏ పనిలో ఓడిపోయినా మళ్లీ ప్రయత్నిస్తున్నాడు? దేని గురించి మాట్లాడితే ముఖం వెలుగుతోంది? జవాబు అక్కడే దొరుకుతుంది. ఫ్యాను బాగుచేసే పిల్లాడికి ఐటీఐ, పాలిటెక్నిక్ కూడా దారులే.

ఇది పిల్లలకే కాదు. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే అలసట మరిచిపోయే అమ్మీకి, రిటైరయ్యాక కూడా దుకాణం తెరవాలనుకునే దాదాకు కూడా వర్తిస్తుంది. "ఈ వయసులో ఎందుకు?" అనే ముందు, "ఇందులో నీకేం నచ్చింది?" అని ఒక్కసారి అడిగి చూడండి.