దీర్ఘశాంతము – మారుమనస్సు
(క్రైస్తవ విశ్వాసంలో దైవ సహనం)

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో ముస్లింలు, క్రైస్తవులు తరతరాలుగా ఇరుగుపొరుగున జీవిస్తున్నారు. ఒకే సంతలో సరుకులు కొంటారు, ఒకే మిరప చేలో కూలికి పోతారు. అయినా పొరుగువాని విశ్వాసం ఏమిటో అడిగి తెలుసుకునేవారు తక్కువ. "వాళ్ళ పాపాలకు ముందే వెల చెల్లిపోయిందట, ఇక వాళ్ళు ఏం చేసినా చెల్లుతుంది" అనే మాట మనవారి నోట అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనది? మాట్లాడినప్పుడు న్యాయంగా మాట్లాడాలని ఖుర్ఆన్ మనలను ఆదేశించింది (6:152). కనుక ఒక విశ్వాసాన్ని అంగీకరించని వ్యక్తి సైతం ముందు దానిని ఉన్నదున్నట్లు తెలుసుకోవలసి ఉంటుంది.

రెండు పదాల అర్థం

తెలుగు బైబిలులో దైవ సహనానికి వాడిన పదం 'దీర్ఘశాంతము'. దేవుడు త్వరగా కోపించడు, శిక్షించే శక్తి ఉండి కూడా గడువు ఇస్తాడు అని దీని భావం. రెండవ పదం 'మారుమనస్సు'. చేసిన తప్పుకు కన్నీరు కార్చినంత మాత్రాన ఇది పూర్తి కాదు. మనసు మారాలి, మనసుతోపాటు నడత మారాలి. పాత నిబంధన భాషయైన హెబ్రీలో పశ్చాత్తాపానికి వాడే పదానికి మూలార్థం 'తిరిగి రావడం'. అరబీలో 'తౌబా' అనే పదానికి కూడా మూలార్థం అదే.

ఈ రెండు పదాలకూ గల సంబంధాన్ని పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయంలో వివరించాడు. దేవుని మంచితనం మనిషిని మారుమనస్సు వైపు నడిపించడానికే ఉన్నది. దానిని అలుసుగా తీసుకున్నవాడు తన కోసం దైవాగ్రహాన్ని కూడబెట్టుకుంటున్నాడు. అదే లేఖ ఆరవ అధ్యాయంలో, కృప ఉన్నది గదా అని పాపంలో కొనసాగవచ్చునా అనే ప్రశ్న తానే వేసి, ఎంతమాత్రం కూడదని జవాబు చెప్పాడు. మనవారు అనుకునే మాటకు వారి గ్రంథంలోనే ఖండన ఉన్నదన్నమాట.

కాయని చెట్టు

లూకా సువార్త 13వ అధ్యాయంలో ఒక ఉపమానం ఉంది. ఒకాయన తోటలో అంజూరపు చెట్టు మూడేళ్ళుగా కాపు కాయలేదు. నేల దండుగ, నరికివేయమన్నాడు యజమాని. తోటమాలి ఒక్క ఏడాది గడువు అడిగాడు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తాననీ, అప్పటికీ కాయకపోతే నరికివేయవచ్చుననీ అన్నాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. చెట్టు కాసిందో లేదో ఏసు చెప్పలేదు.

మెట్ట సేద్యం చేసే మన రైతుకు ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. గడువు ఇవ్వడమంటే చెట్టును దాని మానాన వదిలివేయడం కాదని అతనికి తెలుసు. ఆ ఏడాది పొడుగునా పాదు తవ్వాలి, ఎరువు వేయాలి. అదే సమయంలో ఆ ఏడాదికి ఒక చివర ఉన్నదని కూడా తెలుసు. క్రైస్తవులు చెప్పే దైవ సహనంలో ఈ రెండు అంశాలూ ఉన్నాయి.

ఒక స్థానిక ఉదాహరణ

చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించింది. మెట్ట ప్రాంతంలో దాని తొలి విశ్వాసిగా పేరుగాంచినవాడు రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య. ఆయన నాటి సమాజం అంటరానివారిగా వెలివేసిన మాల కులంలో పుట్టాడు. విగ్రహాలు నిష్ఫలమన్న మాట చెవిని పడిన తరువాత, 'నీవెవరవు? ఎక్కడ ఉన్నావు?' అని పేరు తెలియని ఆ మహాదేవుణ్ణి అడుగుతూ కొన్నేళ్ళు గడిపాడని మిషను చరిత్ర చెబుతుంది. చివరకు కృష్ణా స్నానాల సందర్భంగా బెజవాడ వెళ్ళినప్పుడు ఒక బ్రాహ్మణుడు ఆయనకు తెల్లదొర అయిన మతబోధకుణ్ణి చూపించాడట. ఆ బోధకుడు టి.వై. డార్లింగ్. వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందాడు.

ఎవరు ఎవరి కోసం వేచి ఉన్నట్లు? చూసేవారికి వెంకయ్యే దేవుని కోసం వేచి ఉన్నట్లు కనిపిస్తుంది. క్రైస్తవులు మాత్రం దేవుడే వెంకయ్య కోసం వేచి ఉన్నాడని అంటారు. మనిషి వెనుదిరగడానికి ముందే దైవకృప అతని వైపు తిరుగుతుందనే భావం మనకు కొత్త కాదు. తౌబా సూరాలో, వెనుకబడిన ముగ్గురి విషయంలో అల్లాహ్ ముందు వారి వైపు మరలాడనీ, వారు తిరిగి రావడానికే అలా చేశాడనీ ఉంది (9:118).

పోలికలు – భేదాలు

మానవులను వారి కర్మలకు వెంటనే పట్టుకుంటే భూమిపై ఏ ప్రాణీ మిగలదనీ, అల్లాహ్ నిర్ణీత కాలం వరకు గడువు ఇస్తున్నాడనీ ఖుర్ఆన్ తెలుపుతుంది (35:45). హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం) జాతి ప్రజలు విశ్వసించగా వారిపై నుండి శిక్ష తొలగించబడింది (10:98). బైబిలులో కూడా నీనెవె ప్రజలు మారుమనస్సు పొంది రక్షింపబడ్డారు. తోటివారి హక్కుల విషయంలో కూడా పోలిక ఉన్నది. జక్కయ్య అనే సుంకరి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్న తరువాతనే ఏసు అతని ఇంటికి రక్షణ వచ్చిందని ప్రకటించాడు (లూకా 19). కాజేసిన సొమ్ము తిరిగి ఇవ్వనిదే తౌబా పూర్తి కాదని మన ఉలమాలు చెప్పేదీ ఇదే.

ఇక భేదం స్పష్టం. క్రైస్తవుల దృష్టిలో క్షమాపణకు ఆధారం సిలువపై ఏసు మరణం. ఒకరి భారం మరొకరు మోయరని ఖుర్ఆన్ ప్రకటిస్తుంది (35:18). దాసునికీ ప్రభువుకూ నడుమ తౌబాకు మధ్యవర్తి అవసరం లేదు. ఈ భేదాన్ని దాచడం నిజాయితీ కాదు. దానిని సాకుగా చూపి, పొరుగువాడు భయభక్తులు లేనివాడని నింద వేయడం కూడా న్యాయం కాదు.

ఇంతకూ ఆ చెట్టు సంగతి ఏమైంది? వడ్డీ సొమ్ము, దొంగ తూకం, చెల్లెలికి ఇవ్వని వారసత్వపు వాటా – వీటిని రేపు సరిదిద్దుకుందామని వాయిదా వేసే ప్రతి వ్యక్తీ అదనంగా లభించిన ఆ ఒక్క ఏడాదిలోనే జీవిస్తున్నాడు. మృత్యువు ముంచుకొచ్చిన తరువాత చేసే తౌబా తౌబా కాదని నిసా సూరా హెచ్చరిస్తున్నది (4:18). గడువు ముగియక ముందే తిరిగి వచ్చే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.