రాయని పరీక్షకు 41 మార్కులు ఎలా వచ్చాయి?

పోయిన వారం ఇచ్చిన యూనిట్ టెస్టు ప్రోగ్రెస్ కార్డుల్లో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడికి లెక్కల్లో 41 పడ్డాయి. పరీక్ష రోజు వాడు జ్వరంతో బడికే రాలేదు. వాడే కార్డు తెచ్చి "సార్, ఇవి నావి కావు" అన్నాడు. (అడక్కుండానే!) ఇది ఎలా జరిగిందో మీకు చెప్పాలి. కంప్యూటరు నేర్చుకునే పై తరగతి పిల్లలు కాస్త శ్రద్ధగా చదవండి.

మన మార్కులు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. కార్డుల వివరాలు సిద్ధం చేసేది అందులోనే రాసిపెట్టిన ఆదేశాల వరుస. దాన్ని స్టోర్డ్ ప్రొసీజర్ అంటారు. అది ఒక్కో రోల్ నంబరుకి మార్కులు వెతికి, ఒక వేరియబుల్‌లో, అంటే ఒక డబ్బాలో అనుకోండి, వేసుకుని కార్డుకి ఎక్కిస్తుంది.

మేం ముందు ఆ పిల్లవాడి నంబరు ఒక్కటే ఇచ్చి నడిపాం. లెక్కల గడి ఖాళీగా వచ్చింది. తరగతి మొత్తానికి నడిపితే మళ్లీ 41! విడిగా సరిగ్గా వచ్చి, వరుసలో తప్పు వస్తోందంటే, ముందు నంబరు నుంచి ఏదో మిగిలిపోతోందన్నమాట. చూస్తే ముందు నంబరు అమ్మాయికి లెక్కల్లో 41.

సెలెక్ట్‌తో వేరియబుల్‌లో విలువ వేసేటప్పుడు వెతికిన వరుస దొరక్కపోతే, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆ డబ్బాను ఖాళీ చెయ్యదు. పాత విలువ అలాగే ఉండిపోతుంది, ఎర్రరూ చూపదు. లూపు లోపల డిక్లేర్ రాశాం కదా, ప్రతిసారీ కొత్త డబ్బా వస్తుందిలే అనుకోకండి, రాదు. ప్రతి నంబరు మొదట్లో దాన్ని 'నల్' చేసే లైను చేర్చాక సరిపోయింది.

అయితే ఇప్పుడు వాడి మొత్తం మార్కుల గడి కూడా ఖాళీ అయింది. నల్‌కి ఏ అంకె కూడినా నల్లే వస్తుంది మరి. సున్నా వేసేద్దాం అన్నారొకరు. నేను ఒప్పుకోలేదు. సున్నా అంటే రాసి తెచ్చుకున్నది. రానివాడికి 'గైర్హాజరు' అనే ఉండాలి, మొత్తం గడిలోనూ అంతే.

హాజరు పట్టీతో పోల్చి చూస్తే ఇలాంటి కార్డులు ఇంకొన్ని బయటపడ్డాయి. ఏ పరీక్షకైనా రాని పిల్లల కార్డులు సోమవారంలోగా ఆఫీసులో ఇచ్చి, కొత్తవి తీసుకెళ్లండి.