పారిస్ విన్న పాతబస్తీ రాగం

సాయంత్రమైతే చార్మినార్ దగ్గర ఎన్ని చప్పుళ్లో! లాడ్ బజార్‌లో గాజుల గలగల, ఇరానీ హోటళ్లలో కప్పూ సాసర్ల టకటక, 'ఆయియే... ఆయియే' అంటూ దుకాణాల వాళ్ల పిలుపులు. వీటి మధ్యే ఎక్కడో సన్నగా ఓ పిల్లనగ్రోవి. కర్రకు గుత్తిగా కట్టిన వేణువుల్ని భుజాన వేసుకుని తిరిగే మనిషి ఏదో పాత సినిమా పాట అందుకుంటాడు. ఓ బుడతడు మారాం చేసి ఒకటి కొనిపించుకుంటాడు. ఎంత ఊదినా 'ఫూ' తప్ప మరో శబ్దం రాదు!

ఆ వెదురు ముక్కకీ, వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న పారిస్‌కీ సంబంధం ఏమిటంటారా? ఉంది. నూరేళ్ల కిందట ఇదే హైదరాబాద్‌లో వీణ వాయించి నిజాంను మెప్పించిన ఓ యువకుడు, ఆ తర్వాత పారిస్ చేరాడు. అప్పటికి ఆ నగరం వేణువు మోజులో మునిగి తేలుతోంది.

నిజాం మెచ్చిన వీణ

ఆయన పేరు ఇనాయత్ ఖాన్. పుట్టింది 1882లో, బరోడాలో. తాత మౌలాబక్ష్ అక్కడ సంగీత పాఠశాల పెట్టిన విద్వాంసుడు. హిందుస్థానీతో ఆగకుండా మైసూరు వెళ్లి కర్ణాటక సంగీతాన్నీ నేర్చుకున్నవాడు. ఆ ఇంట్లో పెరిగిన మనవడికి వీణ, గాత్రం రెండూ పట్టుబడ్డాయి.

ఇరవై ఏళ్లు దాటీ దాటగానే ఇనాయత్ హైదరాబాద్ వచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలమది. చార్మినార్‌కు కాస్త దూరంలోని పురానీ హవేలీ ఆయన నివాసం. దేశం నలుమూలల నుంచీ కవులు, గాయకులు ఈ ఊరి బాట పట్టిన రోజులవి. ప్రభువు దర్శనం దొరకడమే గగనం. నెలల తరబడి ఎదురుచూశాక ఇనాయత్‌కు కబురొచ్చింది. ఆ సంగీతం విన్న నిజాం తన వేలి పచ్చల ఉంగరం తీసి ఇచ్చారనీ, తాన్‌సేన్ పేరుతో బిరుదు ప్రసాదించారనీ ఆయన జీవితకథ చెబుతుంది.

ఉంగరం కన్నా విలువైనది మరొకటి ఇక్కడే దొరికింది. సయ్యద్ అబూ హాషిం మదనీ అనే సూఫీ గురువు. 1907లో కన్నుమూసే ముందు ఆ గురువు శిష్యుడికి ఓ పని అప్పగించారు. తూర్పునూ పడమరనూ సంగీతంతో కలపమన్నారు. మూడేళ్లకు, 1910 సెప్టెంబరు 13న, ఇనాయత్ బొంబాయిలో ఓడెక్కారు. తోడుగా తమ్ముడు మహబూబ్ ఖాన్, బంధువు అలీ ఖాన్. మొదటి మజిలీ అమెరికా. అక్కడ రూత్ సెయింట్ డెనిస్ అనే నర్తకి ప్రదర్శనల్లో కొన్నాళ్లు వాయించారు. నిజాం చెవులప్పగించి విన్న సంగీతం అక్కడ నాట్యానికి వెనకాల వినిపించే వింత శబ్దమైంది. చెవి పెట్టి వినేవాళ్లు ఎక్కడ? ఆ వెతుకులాటే ఆయనను లండన్ మీదుగా పారిస్ చేర్చింది.

వెదురు కాదు, వెండి

అప్పటి పారిస్‌లో ఫ్లూట్ అంటే ఓ వైభవం. ఆ కథ రాజుల కాలంలోనే మొదలైంది. ఫ్రెంచి రాజాస్థానంలో వాయించిన జాక్ హొత్తెతేర్ 1707లోనే ఫ్లూట్ నేర్పే పుస్తకం అచ్చు వేయించాడు. విప్లవం తర్వాత 1795లో పారిస్ కన్సర్వేటరీ పుట్టింది. ఇది ప్రభుత్వ సంగీత కళాశాల. రాజుగారి కొలువులో ఉన్న విద్య అలా తరగతి గదిలోకి వచ్చింది.

అసలు మలుపు 1847లో. మ్యూనిక్‌లో థియోబాల్డ్ బోమ్ అనే వాద్యకారుడు ఉండేవాడు. కంసాలి పనీ తెలిసినవాడు. చెక్క ఫ్లూట్‌లో రంధ్రాలు వేళ్లకు అందేచోట వేసేవారు. దాంతో కొన్ని స్వరాలు బలంగా, కొన్ని పీలగా పలికేవి. బోమ్ లెక్క తిరగేశాడు. రంధ్రం శ్రుతికి ఎక్కడ ఉండాలో అక్కడే వేశాడు. వేళ్లకు అందని వాటికి మీటలు, మూతలు బిగించాడు. గొట్టాన్ని లోహంతో చేశాడు.

కనిపెట్టింది జర్మన్ అయినా కళ్లకద్దుకున్నది మాత్రం ఫ్రెంచివాళ్లే. 1855లో సొంత దుకాణం తెరిచిన లూయీ లో చేసిన వెండి ఫ్లూట్లు నేటికీ అపురూపమే. 1860లో కన్సర్వేటరీ కొత్త ఫ్లూట్‌నే పాఠానికి తీసుకుంది. అదే ఏడాది అక్కడ మొదటి బహుమతి అందుకున్న పాల్ తాఫనెల్, 1893లో అక్కడే ఆచార్యుడయ్యాడు.

ఆయన దగ్గర చదివినవాళ్ల పేర్లు వింటే చాలు. ఫిలిప్ గోబేర్, లూయీ ఫ్లరీ, జార్జ్ బరేర్, మార్సెల్ మొయిస్... ఎంత వేగంగా వాయించామన్నది కాదు, స్వరం ఎంత నిండుగా పలికిందన్నదే ఆ బడి లెక్క. మొయిస్ 1934లో అచ్చు వేయించిన సాధన పుస్తకం నాదం గురించే. ఒక స్వరాన్ని తీరిగ్గా పలికించి, అదే నిండుదనంతో పక్క స్వరానికి దిగాలి. తెల్లారుజామున లేచి సా పట్టుకుని కూర్చునే మన విద్యార్థికి ఈ పాఠం కొత్తగా అనిపించదు!

ఆ ఫ్లూట్లలో ఇంకో విశేషం ఉంది. ఫ్రెంచి పద్ధతి వాయిద్యంలో అయిదు మూతలకు నడుమ చిల్లులుంటాయి. అంటే మీట మీద వేలు ఉన్నా, గాలి ఆ వేలికి తగులుతుంది. వేలిని మెల్లగా పక్కకు జరిపితే స్వరం జారుతుంది. మన వేణు విద్వాంసుడు రంధ్రాన్ని సగం మూసి గమకం పలికించేదీ ఇలాగే కదా.

ఆ ఏడాది 1913

ఈ వేణువుల ఊళ్లోనే ఇనాయత్ ఖాన్‌కు క్లాడ్ డెబుస్సీ పరిచయమయ్యాడు. ఫ్రెంచి సంగీతానికి కొత్త దారి వేసిన స్వరకర్త. 1894లో ఆయన 'ఫాన్' వాద్యగోష్ఠి మొదలైంది ఒంటరి ఫ్లూట్‌తోనే. ఆ తొలి ప్రదర్శనలో ఫ్లూట్ పట్టినవాడు పద్దెనిమిదేళ్ల బరేర్. 1913లో ఇనాయత్ వీణ పట్టుకుని రాగాలు వినిపిస్తే డెబుస్సీ తన్మయంగా విన్నాడు. ఎన్నాళ్లకో ఓ చెవి దొరికింది!

అదే ఏడాది చివర్లో డెబుస్సీ ఓ నాటకం కోసం చిన్న ముక్క రాశాడు. డిసెంబరు 1న తెర వెనక నిలబడి లూయీ ఫ్లరీ దాన్ని వాయించాడు. తర్వాత 'సిరింక్స్' అన్న పేరుతో అది ప్రసిద్ధమైంది. పక్కవాద్యం లేదు, తాళం వేసేవారు లేరు. మూడు నిమిషాల పాటు ఒక్క ఫ్లూట్ తనలో తాను మాట్లాడుకుంటుంది. మనవాళ్లు వింటే ఆలాపన అనుకుంటారు. వీణ విన్నందుకే డెబుస్సీ ఇలా రాశాడనడం అతిశయోక్తి అవుతుంది. కానీ ఒంటరి స్వరాన్ని ఓపిగ్గా వినే మనసులు ఆ ఊళ్లో సిద్ధంగా ఉన్నాయన్నది మాత్రం నిజం.

సూటిగా మన దగ్గరికే వచ్చినవాడు ఆల్బేర్ రూసెల్. నౌకాదళంలో పనిచేసి స్వరకర్త అయినవాడు. 1909లో భార్యతో కలిసి భారత్ చుట్టివెళ్లాడు. 1924లో 'వేణుగానకారులు' పేరుతో ఫ్లూట్, పియానోలకు నాలుగు ముక్కలు రాశాడు. ఒక్కోదానికి ఒక్కో పురాణ పురుషుడి పేరో, కథలోని పాత్ర పేరో పెట్టాడు. మూడోదాని పేరేమిటో తెలుసా? 'కృష్ణ'! దాన్ని ఫ్లరీకి అంకితమిచ్చాడు. అందులో వినిపించేవి హిందుస్థానీ శ్రీరాగం స్వరాలు. త్యాగరాజ పంచరత్నాల్లో చివరి కీర్తన పాడే శ్రీరాగం వేరు, ఇది వేరు. ఇది మన కామవర్ధనికి దగ్గర. బృందావనంలో మోగిన మురళి అలా వెండి గొట్టంలో దూరి పారిస్ వేదిక ఎక్కింది.

మూగబోయిన వీణ

మరి ఇనాయత్ ఖాన్ సంగతి? ఆయన 1922లో పారిస్ శివారు సురేన్‌లో స్థిరపడ్డారు. ఆ ఇంటి పేరు ఫజల్ మంజిల్. శిష్యులు పెరిగారు. ఉపన్యాసాలు పెరిగాయి. వీణ మాత్రం మూలన పడింది. తన మాట జనానికి చేరాలంటే తనకు ప్రాణమైన సంగీతాన్నే వదులుకోవాల్సి వచ్చిందన్న బాధ ఆయన రాతల్లో కనిపిస్తుంది. పడమటి దేశాలకు సంగీతం మోసుకెళ్లిన మనిషి, చివరికి మాటలు మిగుల్చుకుని సంగీతాన్ని వదిలేశారు! 1927 ఫిబ్రవరి 5న ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి నలభై నాలుగేళ్లే.

పాట పూర్తిగా పోలేదు. ఊరు విడిచే ముందు, 1909లో, కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ ఆయన గొంతును రికార్డు చేసింది. 1994లో అవి మళ్లీ వెలుగు చూశాయి.

ఇంట్లో పిల్లలూ సంగీతం వదల్లేదు. పెద్దమ్మాయి నూర్ హార్ప్ వాయించేది. పారిస్‌లోనే ప్రసిద్ధ గురువు నాదియా బూలాంజే దగ్గర చదువుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ వేళ్లే వైర్‌లెస్ మీటను నొక్కాయి. జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌లోకి బ్రిటన్ పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె. 1943లో పట్టుబడింది. 1944 సెప్టెంబరు 13న డఖావ్ నిర్బంధ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. తండ్రి బొంబాయిలో ఓడెక్కిన తేదీ కూడా సెప్టెంబరు 13వ తేదీయే!

రాగం ఆగలేదు

తూర్పు పడమరలను కలపమన్న గురువు మాట వృథా పోలేదు. మరో తరంలో ఫ్రెంచి ఫ్లూట్‌కు పెద్ద పేరు జాఁ పియేర్ రాంపాల్. పండిట్ రవిశంకర్ ఆయన కోసం తోడి రాగం ఆధారంగా ఫ్లూట్, హార్ప్‌ల జంటకు ఓ రచన చేశారు. దాని పేరుకు అర్థం 'మంత్రముగ్ధ ఉషస్సు'. ఫ్లూట్, హార్ప్... నూర్ ఇంట మోగిన వాద్యం, ఫ్లరీ చేత మోగిన వాద్యం ఒక రాగంలో కలిశాయి.

చార్మినార్ దగ్గర చీకటి పడుతోంది. వేణువులమ్మే మనిషి ఆ బుడతడి దగ్గరికొచ్చి పెదవి ఎక్కడ ఆనించాలో చూపిస్తున్నాడు. గట్టిగా ఊదకూడదు, మెల్లగా ఊదాలి. తాఫనెల్ తరగతిలోనూ మొదటి పాఠం నాదమే. రెండోసారి, మూడోసారి... నాలుగోసారి ఓ సన్నని స్వరం పలికింది. పిల్లాడి మొహం వెలిగిపోయింది!